బంతికి బంతిలో చోటు

తెలుగున ‘బంతి’ యను మాటకు మూడర్థములు కలవు. పిల్లలు విసరుకొని ఆడుకొను గుండ్రని వస్తువు బంతి. పెరటిలో పసుపు, నారింజ రంగులతో విరగబూచు పూవు బంతి. పెండ్లి పందిరిలో విస్తళ్ళ ముందు వరుసగా కూర్చున్న భోక్తల పంక్తియు బంతియే. మొదటి రెంటికిని గల చుట్టరికము కంటికి కనబడుచునే యున్నది. పూవు ముద్దగా, గుండ్రముగా, చేత పట్టి విసరుటకు వీలుగా ఉండును గనుక దానికా పేరు వచ్చినది. కన్నడిగులు దీనిని ‘చెండుహూవు’ అనుటలోను, హిందీవారు ‘గేందా’ అనుటలోను ఉన్నది ఆ బంతి భావమే. మూడవ అర్థముతో మాత్రము ఈ పూవునకు నేటివరకును సంబంధము కుదరలేదు. గుమ్మమునకు తోరణమై వ్రేలాడినది; బతుకమ్మలో తంగేడు, గునుగుల సరసన వరుస కట్టినది; గొబ్బెమ్మ తలపై కూర్చున్నది; దేవుని మెడలోను, రాజకీయ నాయకుని మెడలోను సమానముగా వాడినది. ఇంత తిరిగియు భోజనపు బంతిలో ఒక్కనాడును అడుగు పెట్టలేదు. వడ్డించువాడు తనవారికొక తీరున, పెరవారికొక తీరున వడ్డించినచో ‘బంతిలో వలపక్షము’ అని నిందించు మనము, బంతిపూవు విషయమున ఆ వలపక్షమునే తరతరములుగా చూపుచున్నాము.

పూవును తినుట మనకు క్రొత్త కాదు. వేపపూత లేని ఉగాది పచ్చడి పచ్చడియే కాదు. మునగపూవును పెసరపప్పుతో కలిపి వండుదురు. అవిసెపూవును కూర చేయుదురు. చింతపూతను పప్పులో వేయుదురు. అరటిపూవును దొప్ప తరువాత దొప్ప విప్పి, ఒక్కొక్క చిన్నపూవులోని గట్టి కేసరమును ఓపికతో ఏరి పారవైచి, సన్నగా తరిగి, మజ్జిగ నీళ్ళలో వేసి, పిదప ఆవపెట్టి వండిన కూర విస్తరిలో పడినచో దాని ప్రక్కనున్న వంకాయ చిన్నబోవును. అడవి సీమలవారికి ఇప్పపూవు ఆహారమే. మసాలా డబ్బాలోని లవంగము ఎండిన మొగ్గయే. మరాటిమొగ్గ సంగతి దాని పేరే చెప్పుచున్నది. ధనుర్మాసమున గొబ్బెమ్మపై గుమ్మడిపూవును, బంతిపూవును ప్రక్కప్రక్కనే గ్రుచ్చుదుము. ఆ రెంటిలో గుమ్మడిపూవును శనగపిండిలో ముంచి వేచుకొని తిను ఇండ్లు మనలో ఉన్నవి గాని, బంతిపూవును నోట పెట్టిన ఇల్లు నా ఎరుకలో లేదు. తినరాదని పెద్దలు నిషేధించిరా అనిన అట్టి మాటయు నేను వినలేదు. ఎవరును తినలేదు గనుక ఎవరును తినలేదు, అంతియే.

ఇందుకు కారణము వెదకబోయినచో ఈ పూవు పుట్టినింటి వరకు పోవలసి యుండును. మన పండుగలలో ఇంతగా కలిసిపోయిన ఈ మొక్క మన దేశపుది కాదు. దీని జన్మభూమి మెక్సికో, దానికి దక్షిణమున ఆనుకొని యున్న మధ్య అమెరికా సీమలు. కావున కాళిదాసు గాని, మన నన్నయ గాని బంతిపూవును చూచి యుండుటకు అవకాశమే లేదు. మెక్సికోలోని ఆజ్టెక్ జాతివారు తమ నహువాత్ల్ భాషలో దీనికి పెట్టుకొన్న పేరునకు ‘ఇరువది పూవు’ అని అర్థము. మనకు పది వలె వారికి ఇరువది గణనకు ఆధారము గనుక, ఇరువది యనగా లెక్కకు మిక్కిలియైన రేకులని వారి భావము. ఆ పేరే నలిగి నేటి మెక్సికోలో ‘సెంపసూచిల్’ అయినది. 1552లో మార్టిన్ దె లా క్రూజ్ అను ఆజ్టెక్ వైద్యుడు తన భాషలో చెప్పగా హువాన్ బదియానో అనువాడు లాటినులోనికి మార్చిన మూలికా గ్రంథములో ఈ పూవు పిడుగుపాటు తగిలినవారికిని, ఏరు దాటబోవువారికిని ఉపయోగపడు ఔషధముగా కనబడుచున్నది. నేటికిని ఆ దేశస్థులు నవంబరు 1, 2 తేదీలలో గతించిన పెద్దలను తలచుకొను పండుగ చేయుచు, ఆ ఆత్మలు దారి తప్పక ఇల్లు చేరవలెనని గుమ్మము వరకు బంతిరేకులతో బాట పరచుదురు. ఆ దినములకు అటునిటుగనే మన దీపావళియు వచ్చును. ఒకరినొకరు ఎరుగని రెండు దేశములలో ఒకే పూవు, ఇంచుమించు ఒకే పక్షమున, గుమ్మముల యొద్ద నిలిచి యుండుట నాకు చిత్రముగా తోచును.

పదునాఱవ శతాబ్దమున పోర్చుగీసు ఓడల వెంట ఇది మన తీరమునకు చేరినదని చెప్పుదురు. అయితే అమెరికా ఖండము నుండియే వచ్చిన మిరపకాయ సంగతి చూడుడు: అదియు పరదేశియే, అదియు సముద్రములు దాటియే వచ్చినది, కాని వచ్చినది వచ్చినట్లు వంటింట దూరి, మిరియములను ప్రక్కకు నెట్టి, గుంటూరు పేరు తనకు తగిలించుకొని, ఇది లేనిదే తెలుగువాడు లేడనిపించుకొన్నది. టమాటయు, జామయు, మొక్కజొన్నయు, వేరుశనగయు ఆ బాటనే నడచినవి. బంతి యొక్కటే గుమ్మము దగ్గర ఆగిపోయినది. దేవుని మెడలోనికి నేరుగా ఎక్కినందున, దానిని వంటింటి వస్తువుగా చూచుటకు మనకు మనసు రాలేదేమో యని నా ఊహ.

నామకరణమున ఐరోపావారు చేసిన గందరగోళమును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు, ఏలయనగా వంట పుస్తకములను చదివి మోసపోవువారు ఇచ్చటనే మోసపోవుదురు. లిన్నేయసు పండితుడు 1753లో మన బంతిజాతికి ‘టాజెటీస్’ అని పేరుంచెను. దున్నిన చాలులో నుండి పుట్టినాడని ప్రాచీన ఇటలీ జాతివారైన ఎత్రుస్కనులు చెప్పుకొను టాజెస్ అను దేవత పేరది. ఆంగ్లేయులు ‘మేరిగోల్డ్’ అను పేరును తమ పెరళ్ళలో అంతకు ముందే ఉన్న వేరొక పూవు నుండి తీసి దీనికి తగిలించిరి. ఆ వేరొకటి ‘కలెండులా’. చూచుటకు చామంతికిని బంతికిని నడుమ పుట్టిన దానివలె ఉండును. ఐరోపాలో పులుసులకు, వెన్నకు, జున్నుకు పసుపురంగు తెచ్చుటకు వాడినది అది. 1597లో జాన్ జెరార్డ్ ప్రకటించిన మూలికా గ్రంథమున, హాలండు దుకాణదారులు దీని ఎండురేకులను పీపాలతో నిలువచేసి అమ్ముచుందురనియు, అవి పడని పులుసును అచ్చటివారు పులుసుగా లెక్కింపరనియు వ్రాసియున్నాడు. ఖరీదైన కుంకుమపూవులో దీని రేకులను కలిపి అమ్మిన మోసగాండ్రును లేకపోలేదు. బంతి, కలెండులా రెండును తినదగినవే. కాని ఆంగ్లమున ఆ పేరే తోక చేసికొన్న మరియొక చిత్తడినేల మొక్క కలదు; దానికిని మన బంతికిని బంధుత్వము లేదు, అది పచ్చిగా విషము. పేరును నమ్మి పూవును తినరాదు. మొక్కను ఎరిగి తినవలెను.

ఇక అసలైన బంతిని వండుకొను దేశములు లేవా అనిన, ఉన్నవి. కాకసస్ పర్వతముల దాపున జార్జియా యను చిన్న దేశమున్నది. అచ్చటి పశ్చిమ భాగములోని ఇమెరేతి సీమలో, మన కుండీలలో ఎరుపు గోధుమరంగు అంచులతో పూచు పొట్టి బంతిని పెరటి పంటగా పెంచి, రేకులను ఎండబెట్టి, పొడిచేసి, ‘ఇమెరేతి కుంకుమపూవు’ అను పేర వాడుదురు. అచ్చటివారు దానిని ఇంటి మాటగా ‘పసుపు పూవు’ అందురు. అక్రోటు గింజలను నూరి, వెల్లుల్లి చేర్చి, కోడిమాంసముతో చేయు ‘సాత్సివి’ యను వంటకమునకు ఆ బంగారు ఛాయయు, మట్టివాసన వంటి ఒక లోతైన రుచియు దీనివలననే వచ్చును. మన పోపుల పెట్టెలో పసుపునకు గల స్థానము వారి మసాలాలో బంతిపొడికి కలదన్న అతిశయోక్తి కాదు. పెరూ దేశస్థులు బంతికులములోని మరియొక మొక్క ఆకులను, ‘హువాకతాయ్’ అను వానిని, మనము కొత్తిమీరను నూరినట్లు నూరి, మిరపతోను జున్నుతోను కలిపి, ఉడికిన బంగాళాదుంపలపై పోసికొందురు. మెక్సికోలో ‘పెరికోన్’ అను వేరొక బంతి కలదు. దాని ఆకును నలిపినచో సోపుగింజల వాసన వచ్చును. వేడినీట వేసి తేనీటివలె త్రాగుదురు.

అంత దూరము పోనేల? కోడిగ్రుడ్డు తిను అలవాటున్న పెక్కు తెలుగు ఇండ్లలో బంతిపూవు ఇదివరకే భోజనపు బంతిలో దొంగచాటుగా కూర్చున్నది. పెరటిలో తిరిగి గడ్డియు, పురుగులును ఏరుకొని తిను కోడి గ్రుడ్డులోని సొన సహజముగా ముదురు పసుపు రంగున ఉండును. గూళ్ళలో పెరుగు కోళ్ళకు ఆ అవకాశము లేదు గనుక వాటి సొన పాలిపోవును. పాలిపోయిన సొనను కొనువాడు మెచ్చడు. అందుచేత మేతలో బంతిరేకుల నుండి తీసిన వర్ణద్రవ్యమును కలుపుదురు. ఆ ద్రవ్యము పేరు ‘ల్యూటీన్’. లాటినున పసుపురంగును చెప్పు మాట నుండి వచ్చిన పేరది. ప్రపంచపు వర్తకములో దీనికి ప్రధానమైన ఆకరము మన ముద్దబంతియే. కర్ణాటక, తమిళనాడులలో రైతులు కంపెనీలతో ఒప్పందము చేసికొని, పూజకు గాక కేవలము దీనికొరకే నారింజరంగు బంతిని ఎకరముల కొలది పండింతురు. పూలను ఎండబెట్టి, మరపట్టి, జిగురువంటి సారమును తీసి, దేశవిదేశములకు పంపుదురు. ఐరోపాలో ఆహారపు రంగుల పట్టికలో దీని సంఖ్య ఇ161బి. మన కంటిలోపలి తెర నడుమ, చూపునకు పదునిచ్చు చోట, ఒక పసుపు మచ్చ కలదు; ఆ పసుపునకు కారణమైన ద్రవ్యములలో ఇదియు నొకటి. శరీరము దీనిని తనంత తాను తయారు చేసికొనలేదు, ఆహారమునుండియే గ్రహింపవలెను. ఇంతమాత్రమున నాలుగు బంతిరేకులు నమలి కండ్లజోడు తీసివేయవచ్చునని ఎవరైన చెప్పినచో నమ్మకుడు. తోటకూరలోను, పాలకూరలోను ఈ ద్రవ్యము కావలసినంత ఉన్నది. బంతిని తినుట రంగునకు, రుచికి, ముచ్చటకు.

ఇక్కడ ఒక హెచ్చరిక. బంతిపూవు తినదగినదని చెప్పినంతనే బజారులో మూర కొలిచి అమ్ము పూలదండను వంటింటికి కొనిపోవలదు. అమ్మకమునకు పండించు రైతు పూవు నిగనిగలాడుటకును, పురుగు ముట్టకుండుటకును కోత దినముల వరకు మందు కొట్టును. అది మెడలో వేయుటకును, గుమ్మమునకు కట్టుటకును పండించినది గనుక అతని తప్పు లేదు. కాయకూరపై మందు కొట్టిన తరువాత కోతకు ఇన్ని దినములు ఆగవలెనను కట్టుబాటు చెప్పుదురు. తోరణపు పూవునకు ఆ ఆలోచన ఎవరికిని రాదు. కడిగినంత మాత్రమున ఆ మందు పోవునని చెప్పలేము. రేకులు వందల కొలది మడతలుగా ఉండుటచే కడిగిన నీరు అన్ని మడతలకును చేరదు. దేవుని వద్దనుండి తీసిన నిర్మాల్యమును పవిత్రమే యని పులుసులో వేయుటయు అంతే ప్రమాదము. తినవలెనన్న పెంచుకొనవలెను, వేరు దారి లేదు.

పెంచుట కష్టమా అనిన, బంతికంటె సులభముగా పెరుగు పూలమొక్క నేనెరుగను. మన పల్లెలలో విత్తనములు కొనువారే అరుదు. పండుగనాడు కట్టిన తోరణము గుమ్మముపై ఎండి, వడలి, గలగలలాడుచుండగా ఇల్లాలు దానిని దింపి, ఒక్కొక్క పూవును అరచేత నలిపి, గాలికి ఊదును. రేకులు ఎగిరిపోవును, అరచేతిలో సూదులవంటి విత్తులు మిగులును. ఒక కొన నల్లగను, వేరొక కొన లేత గోధుమరంగు కుచ్చుతోను ఉండు ఆ విత్తు, పిల్లవాని చేతికి చిక్కిన చిన్న కుంచెవలె కనబడును. తోరణపు పూవు తినుటకు పనికిరాదు గాని దాని విత్తు విత్తుటకు బాగుగనే పనికివచ్చును. అయితే సంకరజాతి పూవు విత్తనమునుండి తల్లిపోలిక పూవే వచ్చునని ఆశింపరాదు. ముద్దబంతి విత్తి రేకబంతిని చూచి వగచువారు అనేకులు. నమ్మకమైన విత్తనము కావలసినవారికి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థవారు వెలువరించిన ‘పూసా నారంగి గేందా’, ‘పూసా బసంతి గేందా’ అను రకములున్నవి. మొదటిది నారింజ, రెండవది పసుపు.

దసరాకు పూలు కావలెనన్న జూలై మొదటి పక్షమునను, సంక్రాంతికి కావలెనన్న అక్టోబరు మొదటి పక్షమునను నారు పోయవలెను. విత్తిన నాలుగు మొదలు ఏడు దినములలో మొలక కనబడును. నారుమడిలో నీరు నిలిచినచో నారుకుళ్ళు సోకి, తెల్లవారుసరికి మొక్కలన్నియు మెడవిరిగి పడియుండును గనుక, తడి యుండవలెనే గాని బురద యుండరాదు. ఇరువదియైదు, ముప్పది దినముల నారును సాయంకాలము చల్లబడిన పిదప నాటవలెను. పొడవు బంతికి మొక్కకును మొక్కకును నలువది సెంటీమీటర్లు, పొట్టి బంతికి ఇరువది చాలును. కుండీలో పెంచువారికి పొట్టిదే మేలు. రెండు పాళ్ళు మట్టి, ఒక పాలు చివికిన పశువుల ఎరువు, పిడికెడు ఇసుక, రోజున కనీసము ఆరు గంటల ఎండ, ఇవి దాని కోరికలు. యూరియా వేసి ముద్దు చేసినచో ఆకులు ఏపుగా పెరిగి పూవు ముఖము చాటువేయును. నాటిన నెలకు, మొదటి మొగ్గ తల ఎత్తుచుండగా, మనసు రాయి చేసికొని ఆ తలను గోటితో తుంచివేయవలెను. క్రొత్తగా పెంచువారు ఈ పని చేయలేరు. పూయబోవు మొదటి పూవును చేజేతుల చంపుట కదా యని వెనుదీయుదురు. తుంచిన వారము దినములకు ప్రక్కలనుండి నాలుగైదు కొమ్మలు బయలుదేరినప్పుడు గాని ఆ మర్మము తెలియదు. నీరు పాదులో పోయవలెను, పూలమీద పోయరాదు. తడిసిన ముద్దబంతి లోపలనే కుళ్ళును. ఎండలు ముదిరినప్పుడు ఆకుల అడుగున ఎర్రనల్లి చేరి సాలెగూడువంటి పొర అల్లును. నీటిధారతో ఆకుల అడుగును కడుగుట దానికి మొదటి వైద్యము. అప్పటికిని తగ్గనిచో ఆ మొక్కను పెరికివేయుదునే గాని, తినబోవు పూవుపై మందు కొట్టను.

బంతి పెరటిలో ఉన్నచో దాని మేలు దానితోనే పోదు. దాని వేళ్ళలోని ఒక ద్రవ్యము నేలలోని నులిపురుగులను అణచును. అందుకే వంగ, టమాట మళ్ళలో పంట మార్పిడిగా బంతిని వేయుదురు. బెంగుళూరు దాపున హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధనా సంస్థవారు టమాట రైతులకు చెప్పు ఉపాయము మరింత ముచ్చటైనది: పదునాఱు సాళ్ళు టమాటకు ఒక సాలు బంతి. అయితే నాటునాటికి టమాటనారు వయస్సు ఇరువదియైదు దినములు, బంతినారు వయస్సు నలువది దినములు ఉండవలెను. అప్పుడే రెండును ఒకేసారి పూతకు వచ్చును. కాయతొలుచు పచ్చపురుగు తల్లి, టమాటను విడిచి, పసుపురంగునకు లోబడి బంతిపూలపై గ్రుడ్లు పెట్టును. ఊరివారి దిష్టి తగులకుండ ఇంటిముందు కట్టిన గుమ్మడికాయవలె బంతి తాను దెబ్బతిని టమాటను కాచును. ఇట్టి ఎరపంటగా వేసిన పూలలో పురుగుండును గనుక వంటకు వేరుగా నాలుగు మొక్కలు ఉంచుకొనవలెను.

పూవు చేతికి వచ్చినది; ఇక కోయుట ఎట్లు? మంచు ఆరిన పిదప, ఎండ ముదురకముందు, పూర్తిగా విచ్చి ఇంకను బిగువు తప్పని పూవును తొడిమతో కోయవలెను. తలక్రిందులుగా పట్టి రెండుమారులు విదిలించినచో లోపల కాపురమున్న చీమలు దిగిపోవును. ఇప్పుడు పచ్చని గిన్నెవంటి అడుగును ఎడమచేత పట్టి, రేకులను గుప్పెడుగా కుడిచేత పట్టి లాగినచో కుచ్చుకుచ్చుగా ఊడివచ్చును. మనము రేకు అనుకొనునది నిజమునకు రేకు కాదు. ఒక్కొక్కటి ఒక్కొక్క పూవు. పూవని మనము పిలుచునది నూఱు పూవుల కూడలి. ప్రతి రేకు మొదట తెల్లని, గట్టి తోక యుండును. చేదంతయు అందులోనే యున్నది. కత్తెరతో ఆ తోకను కత్తిరించి పారవైచి, మెత్తని పసుపుభాగమును మాత్రమే తీసికొనవలెను. పచ్చని గిన్నెను, తొడిమను, ఆకును వంటలోనికి రానీయరాదు. రేకును నాలుకపై పెట్టినచో మొదట నారింజతొక్క వాసన, వెంటనే సన్నని చేదు, కట్టకడపట మిరియపు చురుకు తోచును. ముద్దబంతిలో ఘాటెక్కువ, పొట్టి బంతిలో తక్కువ. సన్నని చీలికల ఆకులతో గోరంత పూలు పూయు ‘టెన్యుయిఫోలియా’ యను జాతియొకటి కలదు. ‘లెమన్ జెమ్’, ‘టాంజెరిన్ జెమ్’ అను పేర్లతో దాని విత్తనము వచ్చును. రుచిలో దానికి మించినది లేదు, నిమ్మవాసన దాని సొత్తు.

ఈ తెల్లతోక సంగతి తెలియక మునుపు నేనొకసారి ఉత్సాహముతో పది ముద్దబంతులను గిన్నెలతో సహా తరిగి పెరుగుపచ్చడిలో కలిపితిని. రంగు చూచి ఇంటిల్లిపాదియు మురిసిరి. మొదటి ముద్ద నోట పెట్టిన మా మేనత్త రెండవ ముద్ద పెట్టలేదు. “పువ్వు తప్పేమీ లేదురా అబ్బాయీ, నీ చెయ్యే మంచిది కాదు. వేపపువ్వయినా ఏడాదికోసారి చిటికెడే కదా వేస్తాం?” అన్నది. ఆ చిటికెడను మాటయే ఈ విద్యలో సగము. ఇంటిల్లిపాదికి రెండు పూల రేకులు చాలును.

రెండవ సగము నేతిలో ఉన్నది. బంతిరేకుల పసుపులో అధికభాగము నీట కరగదు, కొవ్వులో కరగును. అందుచేత అన్నము ఉడుకునప్పుడు ఎసటిలో రేకులు వేసినచో ఆశించిన రంగు రాదు. గరిటెడు నేతిని సన్నని సెగపై కాచి, తరిగిన రేకులను రెండు చెంచాలు వేసి, కమరనీయక త్రిప్పినచో క్షణములో నేయి బంగారమగును. దానిని వేడి అన్నముపై పోసి, నిమ్మరసము పిండి, ఆవాలు, జీడిపప్పు తాళింపు పెట్టినచో పసుపు వేయని పులిహోర సిద్ధము. పచ్చిరేకులను వాడదలచినచో చల్లని వంటకములు తగును: దోసకాయ పెరుగుపచ్చడి, పెరుగన్నము, కొబ్బరిపచ్చడి; వడ్డించుటకు ముందు మాత్రమే చల్లవలెను, లేనిచో వాడి ముద్దయగును. వెన్నలో రేకులను కలిపి చల్లని చోట పూటసేపు ఉంచి రొట్టెపై రాచుకొనువారు కలరు, నాకది రుచించినది. బంతిపూవును నిలువునా పిండిలో ముంచి బజ్జీ వేయు ప్రయత్నము మాత్రము చేయవలదు. అది గుమ్మడిపూవు పని, దానికే విడిచిపెట్టుడు. నిలువ చేయదలచినవారు రేకులను నీడన ఎండబెట్టవలెను. ఎండలో పెట్టినచో రంగు వెలిసిపోవును. గలగలలాడిన పిదప పొడిచేసి, బిగువైన సీసాలో పోసి, వెలుతురు సోకని బీరువాలో పెట్టుకొన్నచో పప్పుచారునకు చిటికెడు, కూరకు చిటికెడు చొప్పున నెలలు వచ్చును.

రంగు మాట వచ్చినది గనుక ఒక ముచ్చట. అమెరికాలో బర్పీ యను విత్తనముల సంస్థవారు స్వచ్ఛమైన తెల్లబంతి విత్తనమును తెచ్చినవారికి పదివేల డాలర్లు ఇచ్చెదమని 1954లో ప్రకటించిరి. ఇరువదియొక సంవత్సరములు గడచిన పిదప, 1975లో, అయోవా రాష్ట్రమునకు చెందిన ఆలిస్ వాంక్ అను ఇల్లాలు తన పెరటిలో ఏటేట ఎన్నుకొని ఎన్నుకొని పెంచిన తెల్లబంతితో ఆ బహుమానమును గెలిచెను. ఆమె ఓర్పునకు నమస్కరింపవలసినదే. కాని తెల్లబంతితో వంటింటికేమి పని?

కొందరు ఈ పూవు జోలికి పోకుండుటయే మంచిది. చామంతి, వయ్యారిభామ తగిలిన దద్దుర్లు లేచువారికి బంతియు పడకపోవచ్చును, అవన్నియు ఒకే కుటుంబము. కొందరికి దీని రసము చేతులకంటి ఎండ తగిలినచో దురద పుట్టును. గర్భిణులు తినకుండుట మేలు. ఇతరులును మొదటినాడు కొంచెమే తిని, మరునాడు ఒంటిని చూచుకొని, తరువాతనే రెండవమారు తినవలెను.

రాబోవు సంక్రాంతికి పెరటిలో బంతి వేయు ఉద్దేశమున్నవారు ఒక్క కుండీని మందు వాసన తగులనీయక వేరుగా ఉంచుడు. పూచిన మొదటి పూవును గొబ్బెమ్మకే పెట్టుడు, అది ఆమె హక్కు. రెండవదానిని కోసి, తెల్లతోకలు తుంచి, నాలుగు రేకులను పెరుగన్నముపై చల్లుకొని చూడుడు. నాలుకకు రుచింపనిచో మిగిలిన పూలు తోరణమునకు ఎట్లును పనికివచ్చును.